తలకట్టు

స్క్రోల్ సా కొందామని మా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని అంగుళాలది తీసుకోవాలి, ఎంతవుతుంది. మాస్టారు ఆ రెండూ అడగలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచి, "ఈ ణ ని కోస్తుందా అండీ ఇది?" అన్నారు.

అరచెయ్యంత ణ. పెన్సిలుతో గీసి, పైన సిరాతో దిద్దింది. మెలికలు ఎక్కడా నలగలేదు, గీత మందం ఎక్కడా తగ్గలేదు. కంప్యూటర్లోంచి తీసిన అచ్చు కాదని చూడగానే తెలిసిపోతుంది. అమెరికాలో ఉన్న మనవరాలికి నాలుగో ఏడు వచ్చిందట. ఆ పిల్ల చేత్తో పట్టుకుని, వేలితో అంచు తడుముతూ నేర్చుకునేలా తెలుగు అక్షరాలన్నీ చెక్కలో కోసి పంపాలని ఆయన కోరిక.

స్క్రోల్ సా చూడనివాళ్ల కోసం ఒక మాట. అది కుట్టుమిషను లాంటిది. సూది ఉండాల్సిన చోట సన్నటి రంపపు బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటుంది, గుడ్డను తిప్పినట్టు మనం చెక్కను తిప్పుతాం. బ్లేడు పొడవు అయిదంగుళాలు, వెడల్పు మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందుకే ఎంత గట్టి మలుపైనా ఉన్నచోటనే తిరుగుతుంది. చెక్క మధ్యలో సన్న బెజ్జం వేసి, బ్లేడు పైకొస విప్పి అందులోంచి దూర్చి, మళ్లీ బిగిస్తే బయటి అంచును తాకకుండా లోపలి భాగం మాత్రమే కోసి తీయొచ్చు. జాలీలు, పేరు పలకలు, ముక్కలు పేర్చే పజిళ్లు అన్నీ దీని మీద అవుతాయి. పజిలు పుట్టింది కూడా పాఠం చెప్పడానికే. 1760 దశకంలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల పనివాడు దేశపటాన్ని చెక్కకు అంటించి, సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటవస్తువుగా అమ్మాడు. ఈ సంగతి చెబితే మాస్టారి ముఖం వెలిగిపోయింది.

మాది పేరున్న సంఘం కాదు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక కారు షెడ్డు. కారు ఎండలో ఉంటుంది, మిషన్లు నీడలో ఉంటాయి. ఆదివారం పొద్దున్నే చేరతాం. ఒక పళ్ల డాక్టరు, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, షిప్‌యార్డులో పోతపనికి చెక్క నమూనాలు చేసి రిటైరైన పెద్దాయన, నేను, షెడ్డు సొంతదారైన నేవీ సారు. నేవీ సారు మలయాళీ. ఓడ ఇంజన్ల దగ్గర పనిచేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. తెలుగు గడగడా మాట్లాడతారు. చదవడం మాత్రం రాదు. బస్సు మీద ఊరి పేరు ఇంగ్లీషులో లేకపోతే పక్కవాళ్లను అడిగి ఎక్కుతారు.

మమ్మల్ని కలిపింది బ్లేళ్లే. ఇవి డజన్ల లెక్కన వస్తాయి, ఊళ్లో అడిగేవాళ్లు తక్కువ. పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ కొట్టాయన, "ఈ సన్న బ్లేళ్లు తెప్పించమని ఇంకో ఆయన కూడా తిరుగుతున్నాడండీ" అంటూ ఒకరి నంబరు ఒకరికి ఇచ్చేవాడు. ఒంటరిగా మిషను కొనుక్కుని, బ్లేళ్లు తెగ్గొట్టుకుని, విసుగొచ్చి అటక మీద పడేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. పక్కన నిలబడి, "చెక్కను నెట్టకు, బ్లేడు దగ్గరికి రానివ్వు" అని చెప్పే మనిషి ఒక్కడుంటే చాలు, ఆ మిషను అటకెక్కదు. అందుకే మిషను కంటే ముందు మనుషుల్ని వెతుక్కోమని చెబుతాను.

మాస్టారు కూడా కొట్టాయన ఇచ్చిన నంబరు పట్టుకునే వచ్చారు. హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యానన్నారు. ఏం చెప్పేవారో మేం అడగలేదు. షెడ్డులో ఎవరి పాత హోదా ఎవరికీ అక్కర్లేదు. కంపాసూ స్కేలూ పట్టే తీరు చూసి లెక్కల మాస్టారో డ్రాయింగ్ మాస్టారో అయ్యుంటారని పళ్ల డాక్టరు అనేవాడు.

మిషను ఎంపిక గురించి కాస్త వివరంగానే చెప్పాలి. కొత్తవాళ్ల డబ్బు దండగయ్యేది ఇక్కడే. అంగుళాలంటే బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా ఉన్న దూరం. పెద్ద జాలీ పలకలు కోసేవాళ్లకు 20, 21 అంగుళాలవి కావాలి. అరచెయ్యంత అక్షరాలకు 16 బోలెడు. అంగుళాల మీద పెట్టే డబ్బు బ్లేడు పట్టే చోట పెట్టాలి. చౌక మిషన్లు కొన్ని పిన్ను బ్లేళ్లు మాత్రమే తీసుకుంటాయి. ఆ బ్లేడు రెండు కొసల్లోనూ అడ్డంగా చిన్న పుల్ల ఉంటుంది. అది దూరాలంటే బెజ్జం పెద్దది కావాలి. మాస్టారి ణ లోపలి సందులో అంత చోటు ఎక్కడిది? పిన్ను లేని బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం చాలు. కాబట్టి ఆయన ప్రశ్నకు సరైన జవాబు ఇదీ: పిన్ను లేని బ్లేడు పట్టే మిషనైతే ణ ని కోస్తుంది, లేకపోతే కోయదు. అంగుళాలూ ధరా అడిగే ముందు నీకు కోయాల్సింది ఏమిటో తెలియాలి. మాస్టారికి అది తెలుసు.

ఆ తరవాత చూడాల్సింది వణుకు. మిషను వణికితే గీత మీద బ్లేడు నిలవదు. బరువైన ఇనుప పోత ఉన్నవి తక్కువ వణుకుతాయి. మిషను చేతులు మొత్తం ఊగేవాటికంటే, పేరలల్ లింక్ పద్ధతిలో ముందుభాగం మాత్రమే కదిలేవి సాఫీగా నడుస్తాయి. నేవీ సారు పరీక్ష సులువైంది. నడుస్తున్న మిషను బల్ల మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెడతారు. నిలబడితే కొనొచ్చు. వేగం తగ్గించే మరా తప్పనిసరి. నిమిషానికి 400 నుంచి 1600 దెబ్బల దాకా మార్చుకునే వీలుండాలి. టేకు మీద వేగం పెంచితే కోసిన అంచు నల్లగా మాడుతుంది. పైన పార్సిల్ టేపు అంటించి కోస్తే ఆ మాడు చాలావరకు తగ్గుతుంది. ఇది పళ్ల డాక్టరు చెప్పిన కిటుకు, ఇప్పుడు మేమందరం పాటిస్తాం.

మాస్టారి అబ్బాయి ఉండేది డల్లస్‌లో. "నాన్నా, ఇక్కడ మంచివి దొరుకుతాయి, వచ్చేటప్పుడు తెస్తాను" అన్నాడట. మంచి కొడుకు. తండ్రి బీపీ మాత్రలు అయిపోయేలోగా తనే ఆర్డరు పెట్టి ఇంటికి పంపించే మనిషి. కానీ అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనది 230, 50. పైగా డివాల్ట్ 788 లాంటి మిషను పాతిక కిలోలు తూగుతుంది. విమానంలో ఒక్కో పెట్టెకు మామూలుగా ఇచ్చేది 23. వద్దని చెప్పించి, 230 వోల్టులకు చేసిన పదహారంగుళాల మిషను ఇక్కడే తెప్పించాం. మాస్టారు రూపాయి బిళ్ల నిలబెట్టి చూసుకుని, మిషనుకు పసుపు బొట్టు పెట్టారు.

చెక్క ఆయనే తెచ్చారు. ఊళ్లో పెంకుటిల్లు విప్పినప్పుడు దాచిన టేకు తలుపు రెక్కలు. చిత్రిక పడితే పైన నలుపు పోయి లోపల తేనె రంగు తేలింది. ఏటికొప్పాక లక్క రంగులు వేద్దామని బ్యాంకావిడ అన్నారు. కానీ ఆ లక్కను లేతు మీద గిరగిరా తిరిగే అంకుడు కర్రకు ఒరిపిడి వేడితో ఎక్కిస్తారు, మెలికల అక్షరానికి అది కుదరదు. పిల్ల నోట్లో పెట్టుకున్నా ఏమీ కాకూడదు కనుక పచ్చి అవిసె నూనె, తేనెమైనం చాలనుకున్నాం.

ఇక కోత. బ్లేడు పళ్లు కిందికి చూడాలి. ముందు వేలితో తడిమి చూసుకుని బిగించాలి. మీటితే ఖంగుమని మోగాలి. పద్దెనిమిది మిల్లీమీటర్ల టేకుకు అయిదో నంబరు బ్లేడు తెగిపోతుంటే ఏడో నంబరుకు మారాం. టేకులో ఇసుక గుణం ఉంటుంది, ఎంత మంచి బ్లేడైనా తొందరగా మొద్దుబారుతుంది. ర, గ, త లాంటివి కోసేటప్పుడు తలకట్టు పుటుక్కున విరిగేది. నమూనాల పెద్దాయన చెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, నార ఎటు పోతుందో గోటితో గీసి చూపించి, "కాగితాన్ని ఏటవాలుగా అంటించండి మాస్టారూ, తలకట్టు నార వెంబడి రావాలి" అన్నారు. ఆ తరవాత ఒక్కటీ విరగలేదు. ఆ చెయ్యి ఎన్నేళ్లు చెక్కను చదివిందో.

అసలు చిక్కు ప దగ్గర వచ్చింది. ప కి తలకట్టు ఒంటికి అంటదు. కాగితం మీద బాగానే ఉంటుంది. చెక్కలో కోస్తే తలకట్టు ఊడి చేతిలోకి వస్తుంది. ఫ, ష, స లదీ అదే తంతు. ఠ పొట్టలో చుక్కదీ అంతే.

"సన్న వంతెన ఒకటి వదిలేద్దాం సార్, రెండు మిల్లీమీటర్లు" అన్నారు నేవీ సారు.

"వద్దండీ. అంటిందంటే అది వ అయిపోతుంది."

"పిల్లకేం తెలుస్తుంది సార్?"

"పిల్లకే తెలియాలి" అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. మిషను మాత్రం ఆపేశారు.

నేవీ సారు ప నీ వ నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. మరుసటి వారానికి ఇత్తడి తీగ తెచ్చారు. సందులో, వెనకవైపుకు వచ్చేలా, ఒంట్లో ఒక బెజ్జం, తలకట్టులో ఒక బెజ్జం వేసి ఆ తీగ కూర్చారు. ఎదురుగా చూస్తే తలకట్టు గాల్లో నిలబడినట్టే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఊడదు. మాస్టారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదీ ప" అన్నారు.

వర్ణమాల 56 అని లెక్క. వాడుకలో లేని ఌ, ౡ లను పక్కన పెట్టాం, ఱ ని మాత్రం వదలనన్నారు మాస్టారు. ఆయన గీశారు, తలా కొన్ని మేం కోశాం, బ్యాంకావిడ ఉప్పు కాగితం పట్టారు. ఎక్కువ కోసింది నేవీ సారే. చదవడం రాదు కనుక అక్షరాలకు ఆయన పేర్లు ఆయనకున్నాయి. గ గుమ్మం. ఠ పొట్టలో చుక్క. తలకట్టు ఆయన భాషలో టిక్కు. వ టిక్కు అంటేది, ప టిక్కు అంటనిది. బ్లేడు ఎక్కడ ఎటు తిరగాలో చెయ్యి నేర్చుకుంది, చెయ్యి నేర్చుకున్నది కంటికి వచ్చేసింది. అక్షరాలన్నీ గుడ్డ సంచిలో కలిపేసి ఒక్కొక్కటీ తీస్తుంటే, అక్షరం పేరు తెలియకపోయినా ఏది పైకి ఉండాలో ఏది కిందికి ఉండాలో చూడకుండా చెప్పేవారు.

పార్సిల్ వెళ్లింది. కొన్నాళ్లకు చేరిందని కబురు వచ్చింది. ఒక ఆదివారం మాస్టారు ఫోన్ తీసి నేవీ సారు చేతికి ఇచ్చారు. డల్లస్ ఇంట్లో ముందుగది గోడ. ఆ గోడ నిండా మన అక్షరాలు. మధ్యలో మనవరాలు రెండు చేతులూ చాపి నిలబడి నవ్వుతోంది. అబ్బాయి మాటలు కూడా పంపాడు, అవి అందరం విన్నాం. "పిల్ల పారేసుకుంటుందని గోడకు పెట్టేశాం నాన్నా. ఒకటి రెండు దార్లో ఊడాయి, గమ్ముతో గట్టిగా అతికించాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఏ ఆర్టిస్టు చేశాడని అడుగుతున్నారు." ఆ గొంతులో తండ్రి మీద ఎంత గర్వం ఉందో మా అందరికీ వినిపించింది. బ్యాంకావిడ చప్పట్లు కొట్టారు.

నేవీ సారు మాత్రం ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేస్తున్నారు.

"సార్, గుమ్మం తిరగబడింది."

ఎవరం మాట్లాడలేదు.

"టిక్కు కిందికి వచ్చింది చూడండి. ఇదిగో, పొట్టలో చుక్క, ఇదీ అంతే. ఈ వరసలో ఇంకో రెండున్నాయి." ఫోటోను పక్కకు జరిపారు. "టిక్కు అంటనిది ఏది సార్? అంటేవే రెండున్నాయి ఇక్కడ."

ఫోన్ అందుకుని చూశాను. గ తలకిందులుగా ఉంది. ఠ, ర, త కూడా. ప తలకట్టును సందు లేకుండా ఒంటికి అతికించేశారు. ఆ గోడ మీద ప లేదు. వ పక్కన ఇంకో వ ఉంది.

"ఫోటో వచ్చిన రాత్రే చూశాను" అన్నారు మాస్టారు.

"మరి అబ్బాయికి చెప్పలేదా అండీ? సరిచేసుకునేవాడు కదా" అన్నారు బ్యాంకావిడ.

"ఏది తిరగబడిందో వాడికెలా తెలుస్తుందమ్మా? వాడికి తెలుగు చదవడం రాదు. ఒకటో తరగతి నుంచీ హిందీ, సంస్కృతమే. తెలుగైతే మార్కులు తగ్గుతాయన్నారు. మా వాడికి తెలుగు అక్కర్లేదని బళ్లో కాగితం మీద సంతకం పెట్టింది నేనే."

పళ్ల డాక్టరుకు ఆయన్ను అలా చూడటం కష్టమనిపించింది. "ఆ రోజుల్లో అందరం అదే చేశాం లెండి మాస్టారూ" అని, మాట మార్చడానికే, "ఇంతకీ మీరు స్కూల్లో ఏం చెప్పేవారు?" అని అడిగాడు.

"తెలుగు" అన్నారు మాస్టారు. "ముప్పై రెండేళ్లు."